శక్తిమాన్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు

ప్రశ్న: మాది సైనిక్‌పురి. మా నాన్న సైన్యంలో బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగమైన ఈఎంఈలో మెకానిక్‌గా పనిచేసి హవల్దారుగా రిటైరయ్యారు. ఆయన పోయి మూడేళ్లయింది. తిరుమలగిరి క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు ఆయన చేతికింద బాగుపడే ఆర్మీ శక్తిమాన్ లారీలు చూస్తూ పెరిగాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కీసర దగ్గర ప్రహరీ కట్టిన అర ఎకరం ఉన్నాయి. సిటీలో ఒక స్క్రాప్ వ్యాపారి దగ్గర శక్తిమాన్ కనపడింది. "ఆర్మీ వేలంలో పాడుకున్నది, ఇంజిన్ బాగుంది, ఆర్‌సీ తర్వాత చేయిస్తా" అని మూడున్నర లక్షలు చెబుతున్నాడు. యాభై వేలు అడ్వాన్స్ ఇమ్మంటున్నాడు. బాగుచేయించి, అదే మిలటరీ ఆకుపచ్చ వేయించి, ఆదివారాలు పిల్లల్ని వెనకాల ఎక్కించుకుని తిప్పాలని ఉంది. మా ఆవిడ మాత్రం "పాత ఇనుముకి అంత డబ్బా" అంటోంది. కొనమంటారా? కొంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అడ్వాన్స్ ఇవ్వకండి. ఈ వారం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మీ కోరికను తీసెయ్యమని అనడం లేదు. మీ నాన్నగారు చేత్తో పట్టుకున్న బండి మీరూ చేత్తో పట్టుకోవాలనుకోవడం చాలా మంచి కోరిక, నెరవేరే కోరిక కూడా. కానీ ఆ వ్యాపారి చెప్పిన మూడు మాటల్లో "ఆర్‌సీ తర్వాత చేయిస్తా" అన్నదే అసలు మాట. ఇంజిన్ ఎలా ఉందన్నది దాని తర్వాతి సంగతి.

సైన్యం బండ్లకు మన ఆర్‌టీఏ రిజిస్ట్రేషన్ ఉండదు. మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ కింద రక్షణ శాఖే వాటిని నమోదు చేసుకుంటుంది. నంబరు ప్లేటు మీద పైకి చూసే బాణం, దాని పక్కన రెండంకెలు ఉంటాయి. ఆ రెండంకెలూ బండి ఏ సంవత్సరానిదో చెబుతాయి. ఆ వ్యాపారి దగ్గర పాత ప్లేటు గానీ, దాని ఆనవాలు గానీ మిగిలి ఉంటే ముందు అది చూడండి. బండి సైన్యం చేయి దాటిన క్షణం నుంచి ఆ నంబరు చెల్లదు. మామూలు బండిలాగా ఆర్‌టీఏలో కొత్తగా నమోదు చేయించుకున్నాకే రోడ్డెక్కాలి.

ఒకప్పుడు ఇలా నమోదైన బండ్లు చాలానే ఉన్నాయి. ఇప్పుడు దారి బాగా ఇరుకైంది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బండ్ల రిజిస్ట్రేషన్ పొడిగించకూడదని, వాటిని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకు పంపాలని కేంద్రం తెచ్చిన నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దేశ రక్షణ పనుల్లో తిరిగే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉన్నా, అది వాడుకలో ఉన్నంతవరకే. శక్తిమాన్ జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో తయారైంది. ఉత్పత్తి 1996లో ఆగిపోయింది. అంటే చివరి బండికి కూడా 15 ఏళ్లు ఎప్పుడో నిండాయి. మీ వ్యాపారి దాన్ని ఈ మధ్య వేలంలో పాడుకుని ఉంటే, అది తుక్కు కింద అమ్మిన సరుకే అయ్యే అవకాశం ఎక్కువ. తుక్కు కింద అమ్మిన బండిని ఇంకొకరి చేతిలో మళ్లీ నడిచే బండిగా పెట్టడం కుదరదు. అలాంటి దానికి ఏ ఏజెంటూ నిఖార్సైన ఆర్‌సీ తేలేడు. తెచ్చాడంటే ఎక్కడో చచ్చిపోయిన లారీ ఆర్‌సీ తీసి, ఈ చాసిస్ మీద ఆ నంబరు కొట్టించాడన్నమాట. ఆ బండితో ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ రాదు సరికదా, కేసు మీ మీద పడుతుంది.

అందుకని వ్యాపారిని రెండు కాగితాలు అడగండి. ఒకటి, వేలంలో గెలిచాక అతని పేరున ఇచ్చిన డెలివరీ ఆర్డరు, బిల్లు. ఆర్మీ సరుకు ఎక్కువగా ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ ఆన్‌లైన్ వేలంలో వెళుతుంది కాబట్టి లాట్ నంబరుతో సహా అన్నీ కాగితం మీద ఉంటాయి. అందులో బండిని ఏమని రాశారో చూడండి: వాహనమనా, తుక్కనా? రెండోది డిపో నుంచి బయటికి వచ్చినప్పటి గేట్ పాస్. ఈ రెండూ చూపించడానికి నసిగితే అక్కణ్నుంచి వచ్చేయండి. చూపిస్తే, చాసిస్ నంబరు మీ చేత్తో మీరే కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. తిరుమలగిరిలోనో ఖైరతాబాద్‌లోనో ఆర్‌టీఏ ఆఫీసుకు వెళ్లి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ని నేరుగా అడగండి. ఏజెంటు ద్వారా వద్దు. ఆయన "కుదరదు" అంటే అదే జవాబు.

యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. ఉంది, 2021లో వచ్చింది. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, నంబరులో వీఏ అనే అక్షరాలు. అది వ్యక్తిగత వాడకంలో ఉండే రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్ల కోసం, అసలు రూపం మారకుండా ఉన్నవాటి కోసం పెట్టినది. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించుకోవడానికో, రిపేరుకో తప్ప రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. పాత విల్లీస్ జీపు ఉన్నవాళ్లకు ఇది వరం. సరుకు లారీ విషయంలో దీని మీద ఆశ పెట్టుకుని డబ్బు కట్టకండి.

ఒకవేళ ఆర్‌సీ ఉన్న శక్తిమానే దొరికిందనుకుందాం. అది లారీ కాబట్టి లారీ నియమాలన్నీ దానికి వర్తిస్తాయి: ఏటా ఫిట్‌నెస్, పర్మిట్, మూడు నెలలకోసారి ట్యాక్స్. మీకు హెవీ లైసెన్సు కావాలి. పగటిపూట భారీ వాహనాలకు సిటీలో ఉండే ఆంక్షలు మీ ఆదివారం షికారుకూ ఉంటాయి. ఇక పిల్లల సంగతి. సరుకు బండి వెనకాల మనుషులను ఎక్కించుకుని రోడ్డు మీద వెళ్లడం చట్ట విరుద్ధం, వాళ్లకు ఇన్సూరెన్స్ కూడా ఉండదు. ఈ ఒక్క మాట మీద నేను వెనక్కి తగ్గను. మీ అర ఎకరంలో అయినా క్యాబిన్‌లోనే కూర్చోబెట్టండి. వెనక డబ్బాలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఒక్క గుంతలో చక్రం పడితే చాలు.

నన్నడిగితే మీరు మొదట చిన్న బండితో మొదలుపెట్టాలి. ఎన్నో ఏళ్ల కిందటే సివిల్ నంబరు పడి, చేతులు మారుతూ వస్తున్న జీపులు, జోంగాలు (జీపులాంటి పాత ఆర్మీ బండ్లు), జిప్సీలు హైదరాబాద్‌లో ఉన్నాయి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో కనబడుతుంది. జోంగా కూడా జబల్‌పూర్ బండే, నిస్సాన్ కంపెనీ ‘పాట్రోల్’ అనే బండి నమూనా మీద చేసింది. నాలుగు లీటర్లకు కాస్త తక్కువ, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్. ధోని దగ్గర ఒకటి ఉందని పేపర్లో వచ్చాక దాని ధరలకు రెక్కలొచ్చాయి. ఆ ఇంజిన్ పెట్రోలు విపరీతంగా తాగుతుందని చాలామంది తీసేసి డీజిల్ ఇంజిన్ పెట్టించారు. అలాంటి బండి అయితే ఆర్‌సీలో ఇంధనం డీజిల్ అని, ఇంజిన్ నంబరు కొత్తదని ఎక్కిందో లేదో చూసుకోండి. ఎక్కకపోతే అది మార్పు చేసిన బండే, ఆర్‌సీ ఉన్నా లేనట్టే. హర్యానాలోని మండీ డబ్వాలీలో కట్టించి తెచ్చిన జీపుల విషయంలోనూ ఇదే జాగ్రత్త, ఇంకా ఎక్కువ. జిప్సీ అన్నిటికన్నా సులువు. 1.3 లీటర్ల మారుతి ఇంజిన్, సామాను దొరుకుతుంది, మామూలు మెకానిక్ కూడా చేయగలడు.

అయినా నాకు శక్తిమానే కావాలి, రోడ్డు ఎక్కించను, మా స్థలంలోనే ఉంచుకుని బాగుచేసుకుంటాను అంటే, అదీ నిండైన హాబీయే. నేను దాన్ని తక్కువ చేయను. ఇంజిన్ విప్పి, కడిగి, మళ్లీ బిగించి, అది మొదటిసారి పొగ వదిలినప్పటి ఆనందానికి ఆర్‌సీ అక్కర్లేదు. కాకపోతే అది చట్టప్రకారం మీకు అమ్మగలిగిన సరుకై ఉండాలి, బిల్లు మీ పేరున ఉండాలి. ఆ లెక్కన మూడున్నర లక్షలు ఎక్కువ. ఆర్‌సీ రాని బండికి ఇనుము ధర మీద కాస్త కలిపి ఇవ్వాలి గాని, నడిచే లారీ ధర ఇవ్వకూడదు.

ఇప్పుడు తెచ్చుకోవడం గురించి. ఏళ్ల తరబడి నిలబడ్డ బండిని వ్యాపారి యార్డులో స్టార్ట్ చేసి చూపించమనకండి. చాలామంది చేసే పని అదే. బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొడతారు, అంతవరకు తుప్పుతో అతుక్కున్న పిస్టన్ రింగులు విరుగుతాయి, సిలిండర్ లోపలి గోడ గీసుకుపోతుంది. బాగున్న ఇంజిన్ ఆ ఒక్క నిమిషంలో పోతుంది. తాడు కట్టి లాక్కురావడం కూడా వద్దు. బ్రేకుల్లేని అన్ని టన్నుల బండి తాడు వదులైన ప్రతిసారీ ముందున్న బండి మీదికి వస్తుంది. లోబెడ్ ట్రైలర్ మాట్లాడండి. గత్యంతరం లేక కొద్ది దూరం లాగాల్సి వస్తే ఇనుప రాడ్ కట్టి, ముందూ వెనకా ప్రొపెల్లర్ షాఫ్టులు (చక్రాల ఇరుసులకు శక్తి అందించే పొడవాటి రాడ్లు) విప్పేసి లాగండి. ఇంజిన్ తిరగకుండా చక్రాలు తిరిగితే గేర్‌బాక్స్‌లోనూ, ముందు వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లోనూ ఆయిల్ సరిగా అందదు. విప్పేముందు షాఫ్టు బోల్టులతో కలిసే చోట (ఫ్లాంజ్ మీద) సుద్దతో గుర్తు పెట్టుకుంటే మళ్లీ అదే వరసలో బిగించుకోవచ్చు.

కీసర చేరాక ముందు ఆయిల్స్ చూడండి. ఇంజిన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు వెనక ఇరుసుల హౌసింగ్‌లు, అన్నిటి కింది బిరడాలు కొద్దిగా వదులు చేయండి. ముందు నీళ్లు కారితేనో, ఆయిల్ పాలలాగా తెల్లగా వస్తేనో ఆ భాగం విప్పాల్సిందే. తర్వాత సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ తీసేసి, ఒక్కో సిలిండర్‌లో కాస్త డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి, రెండు మూడు రోజులు నాననివ్వండి. ఆ తర్వాత చేత్తో, పొడవాటి బారుతో క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) తిప్పండి. కొంచెం కదిలితే చాలు, ముందుకీ వెనక్కీ ఓపికగా. రెండు పూర్తి చుట్లు ఎక్కడా ఆగకుండా తిరిగేదాకా సెల్ఫ్ జోలికి పోవద్దు. డీజిల్ ట్యాంకు దింపి కడిగించండి. అడుగున జిగురులాంటి మడ్డి తప్పకుండా ఉంటుంది. ట్యాంకుకి చిల్లు ఉంటే, ఖాళీగానే ఉంది కదా అని వెల్డింగ్ పెట్టించకండి. లోపలి ఆవిరి పేలి మనుషులు పోయారు. ఇంజిన్‌కి డీజిల్ అందించే పంపు, నాజిల్స్ డీజిల్ పంపు సర్వీసు చేసే వాళ్లకే ఇవ్వండి, మామూలు షెడ్డులో విప్పించొద్దు. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు గాలి వెళ్లే దారిని మూయడానికి ఒక మందపాటి చెక్క పలక పట్టుకుని ఒక మనిషి సిద్ధంగా ఉండాలి. పంపు ఇరుక్కుని ఇంజిన్ అదుపు తప్పి రేసు అందుకుంటే తాళం తిప్పినా ఆగదు, గాలి ఆపితేనే ఆగుతుంది. చేయి గానీ గుడ్డ గానీ అడ్డం పెట్టకూడదు.

అన్నిటికన్నా నాకు భయమైనది రిమ్ములు. పాత లారీల రిమ్ము ఒకే ముక్క కాదు, పక్కన విడిగా లాక్ రింగ్ ఉంటుంది. తుప్పు పట్టిన రింగు గాలి కొట్టేటప్పుడు ఊడితే బాంబులా పేలుతుంది. కొన్ని మిలటరీ బండ్లకు రిమ్ము రెండు సగాలుగా ఉండి బోల్టులతో కలిపి ఉంటుంది. చక్రం విప్పే నట్లు ఏవో, రిమ్ము సగాలను పట్టుకునే నట్లు ఏవో తెలియక గాలి ఉండగానే విప్పితే ప్రాణం పోతుంది. కాబట్టి ఏ నట్టు మీద పానా పెట్టే ముందయినా వాల్వ్ పిన్ను తీసి గాలి మొత్తం వదిలేయండి. గాలి కొట్టించేటప్పుడు ఇనుప పంజరం ఉన్న టైర్ షాపుకే తీసుకెళ్లండి. ఎదురుగా నిలబడొద్దు, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వొద్దు. టైరు గోడ మీద నాలుగంకెల తేదీ ముద్ర ఉంటే మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ముద్ర లేకపోయినా, పదేళ్లు దాటినా, గోడలు పగిలినా, రోడ్డుని పట్టే గుండీలు ఎంత నిండుగా ఉన్నా అవి నిలబెట్టడానికే, నడపడానికి కాదు.

బ్రేకుల్లో రబ్బరు అన్నది ఏదీ ఉంచకండి. వీల్ సిలిండర్ బకెట్లు (లోపలి రబ్బరు కప్పులు), హోస్ పైపులు, మాస్టర్ సిలిండర్ కిట్టు అన్నీ కొత్తవి. పాత సైజు దొరక్కపోతే రాణీగంజ్‌లో ఆయిల్ సీళ్ల దుకాణాల్లో నమూనా చూపిస్తే కొలత పట్టి ఇస్తారు. బేరింగులకూ అంతే. బుష్‌లు, పిన్నులు లేత్ మీద చేయించుకోవచ్చు. పుత్లీబౌలీలో పాత సామాను వెతకడానికి ఒక పూట పెట్టుకుని వెళ్లండి, పాత ముక్క చేత్తో పట్టుకుని వెళ్లండి. ఫోనులో ఫొటో చూపిస్తే తప్పుడు సైజు అంటగడతారు. వైరింగ్ 24 వోల్టుల బండి అయితే రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. రేడియోకో ఫోన్ చార్జింగ్‌కో అందులో ఒక్క బ్యాటరీ నుంచి తీగ లాగితే రెండూ పాడవుతాయి. కన్వర్టర్ పెట్టించండి. బ్యాటరీ దగ్గరే కట్ ఆఫ్ స్విచ్ పెట్టించి, పని అయిపోయిన ప్రతిసారీ ఆపేయండి. పొలం స్థలంలో ఎలుకలు తీగలు కొరుకుతాయి, షార్ట్ అయితే బండితో పాటు షెడ్డూ పోతుంది.

తర్వాత చేసే మెయింటెనెన్స్‌లో పెద్ద మర్మమేమీ లేదు. పదిహేను రోజులకోసారి స్టార్ట్ చేసి, నిలబెట్టి గుడగుడలాడించడం కాకుండా, ఇంజిన్ బాగా వేడెక్కేదాకా మీ స్థలంలోనే ముందుకూ వెనక్కూ నడపండి. గ్రీజు కొట్టే నిప్పిల్ ఉన్న ప్రతిచోటా పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు కొట్టండి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి. మన దగ్గర బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కొన్నాళ్లకే లోపల సున్నంలా పేరుకుంటుంది. కూలెంట్ వాడండి. ఫోర్ వీల్ డ్రైవ్‌ని గట్టి తారు మీద, సిమెంటు మీద వేసి తిప్పకండి. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు తిరిగే దూరం ఒకటి కాదు, ఆ బిగింపు గేర్ల మీద పడుతుంది. మెత్తని మట్టిలో నెలకోసారి వేస్తే లీవరు బిగుసుకోకుండా ఉంటుంది. వానాకాలంలో తార్పాలిన్ కప్పితే కిందనుంచి చెమ్మ ఎక్కి తుప్పు తొందరగా వస్తుంది. నాలుగు స్తంభాలు వేసి రేకులు వేయించండి, గోడలు వద్దు.

రంగు గురించి కూడా అడిగారు. ఆ ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకు తప్ప ఇంకెవరి బండికీ వేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. బాణం నంబరు, యూనిట్ గుర్తులు కూడా వద్దు. కంటోన్మెంట్ పక్కనే ఉంటున్నారు కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. ఇసుక రంగు వేయించండి, లేదా వానాకాలపు కొండల నీలి బూడిద రంగు. ఆ లారీ ఆకారానికి అది కూడా బాగుంటుంది.

మీ ఆవిడ ప్రశ్న న్యాయమైనదే. ఆమెకు డబ్బు లెక్క చెప్పండి: కొన్న ధర ఎంతో, బాగుచేయడానికి అంత డబ్బు విడిగా పక్కన పెట్టుకోకుండా నేను ఎవరినీ మొదలుపెట్టనివ్వను. టైర్లు, బ్యాటరీలు, పంపు పని కలిస్తేనే చాలావరకు ఖర్చవుతుంది. అంత డబ్బు లేనప్పుడు బండి లేకపోవడమే మంచిది. సగం విప్పి వదిలేసిన లారీని తర్వాత ఎవరూ కొనరు.

మీ ఊళ్లో మీకున్న పెద్ద అదృష్టం ఒకటి ఉంది, అది మీరు రాసిన ఉత్తరంలోనే ఉంది. తిరుమలగిరిలోని ఈఎంఈ కాలేజీలో సైన్యం మెకానిక్కులు శిక్షణ పొందుతారు. రిటైరై సైనిక్‌పురి, యాప్రాల్, నేరేడ్‌మెట్, అల్వాల్ ప్రాంతాల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. శక్తిమాన్ పంపు టైమింగ్ చేత్తో పట్టగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు, కానీ వాళ్లు డెబ్బై దాటుతున్నారు. బండి కొనక ముందే మీ నాన్నగారి స్నేహితుల్లో ఎవరైనా ఉంటే వెళ్లి కలవండి. ఇంజిన్ బాగుందన్న వ్యాపారి మాట నమ్మే బదులు ఆ పెద్దాయన్ని వెంట తీసుకెళ్లి క్రాంక్ తిప్పి చూడమనండి. రోజు కూలీ ఇస్తానంటే బాధపడతారు. చాయ్ ఫ్లాస్కు, ఎండలో కూర్చోవడానికి ఒక కుర్చీ ఏర్పాటు చేయండి, పక్కన మీరు నోటుబుక్ పెట్టుకుని రాసుకోండి. ఏ బోల్టు ఎంత బిగువు, ఏ సీలుకి ఏ సైజు సరిపోయింది అన్నది ఈరోజు ఆ పెద్దాయన నోట్లోనే ఉంది, ఏ దుకాణంలోనూ దొరకదు.

డెలివరీ ఆర్డరు, గేట్ పాస్ చూశాక, చాసిస్ అచ్చు తీసుకున్నాక మళ్లీ రాయండి. అందులో బండిని ఏమని రాశారో చెబితే, అది కొనదగినదో కాదో అప్పుడు చెబుతాను.